పాత వ్యాక్యూమ్ క్లీనర్ కొనాలంటే ఏది: హూవరా, ఎలక్ట్రోలక్సా, కిర్బీనా?

మొన్న శనివారం పొద్దున్నే ఒక ఫ్రెండ్ ఫోన్ చేశాడు, గరాజ్ సేల్‌లో ఉన్నా, ఒక పాత కిర్బీ, ఒక పాత ఎలక్ట్రోలక్స్ పక్కపక్కన పెట్టారు, ఏదైనా ఇరవై డాలర్లే అంటున్నారు, ఏది తీసుకోను అని. రెండూ తీసుకో అన్నా. పక్కన వాళ్ళావిడ గొంతు వినపడింది, ఒకటే అని. సరే అని అక్కడికక్కడే పది నిమిషాలు ఫోన్లో క్లాసు పీకాను, ఆ పది నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట, ఇందులో కలెక్టర్లు అంటే జిల్లా కలెక్టర్లు కాదు, పాత వ్యాక్యూమ్ క్లీనర్లు ఏరుకొచ్చి, తుడిచి, విప్పి, మళ్ళీ బిగించి, బేస్‌మెంట్‌లో వరసగా పేర్చుకునే మనుషులు. అమెరికాలో వీళ్ళకి ఒక క్లబ్ ఉంది, ఏటా కలుస్తారు, ఏ మెషిన్ ఎంత బాగా లాగుతుందో పోటీలు పెట్టుకుంటారు. నవ్వకండి, మన దగ్గర పాత బుల్లెట్ బళ్ళు, పాత రేడియోలు పోగేసుకునేవాళ్ళు లేరా, ఇదీ అంతే. వీళ్ళతో కాసేపు మాట్లాడితే ఒక విషయం అర్థమవుతుంది, మాటల్లో డిజైన్, క్వాలిటీ రెండూ కలిపేస్తారు కానీ కొనేటప్పుడు రెండూ వేరు. చూడ్డానికి అందంగా ఉన్నది కార్పెట్ మీద బాగా పనిచేస్తుందని లేదు, బాగా పనిచేసేది హాల్లో పెట్టుకునేంత అందంగా ఉండదు. అందుకే ఎవరడిగినా నేను ముందు అడిగేది, అది చూసుకోడానికా, ఊడ్చుకోడానికా అని. దీనికి జవాబు మీ దగ్గరుంటే సగం పని అయిపోయినట్టే.

నేనుండేది ఓహాయో. ఈ పిచ్చికి ఇది పుట్టిల్లు లాంటిది. ఇక్కడ కాంటన్ ఊళ్ళో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అని ఒకాయన డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసేవాడు, ఆయనకి ఉబ్బసం, ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఫ్యాన్ మోటరు, చీపురు కర్ర, దిండు గలీబు, ఇలా చేతికందినవన్నీ కలిపి ఒక మెషిన్ కట్టుకున్నాడు, 1908లో పేటెంట్ వచ్చింది. తయారు చేసి అమ్మే స్తోమత లేక, గుర్రపు జీన్లు, తోలు సామాన్లు చేసుకునే విలియం హూవర్‌కి హక్కులిచ్చేశాడు. కార్లొచ్చి గుర్రాల వ్యాపారం పడిపోతున్న టైమ్ అది, హూవర్‌కి కూడా కొత్త దారి కావాలి. మనం జెరాక్స్ తీయించుకురా అన్నట్టు బ్రిటన్‌లో ఇప్పటికీ ఇల్లు హూవర్ చెయ్ అంటారు, పేరు అంతగా పాతుకుపోయింది. ఇంకోపక్క కిర్బీ వచ్చింది క్లీవ్‌లాండ్ నుంచి, అదీ ఓహాయోనే. కొలంబస్, క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి అందుకే చెప్తుంటాను, మీ పక్కింటి ముసలావిడ గరాజ్‌లో మ్యూజియం సరుకు ఉండొచ్చు, ఎస్టేట్ సేల్ (ఇంటి సామానంతా అమ్మేసే సేల్) బోర్డు కనపడితే కారాపండి.

ఇప్పుడు కాస్త మెకానిజం, ఇది లేకుండా పోలిక కుదరదు. రెండు రకాల మెషిన్లున్నాయి. ఒకదాంట్లో కార్పెట్ మీంచి లాగిన చెత్త నేరుగా ఫ్యాన్ రెక్కల్లోంచి దూసుకెళ్ళి వెనకాల సంచిలో పడుతుంది, దీన్ని కలెక్టర్లు డర్టీ ఎయిర్ అంటారు, పాత హూవర్ నిలువు మెషిన్లు, కిర్బీలు అన్నీ ఈ బాపతు. రెండో దాంట్లో చెత్త ముందు సంచిలో ఆగిపోతుంది, వడకట్టిన గాలి మాత్రమే ఫ్యాన్‌కి చేరుతుంది, అది క్లీన్ ఎయిర్, ఎలక్ట్రోలక్స్ లాంటి నేల మీద పాకే సిలిండర్లన్నీ ఇవే. పేరు చూసి క్లీన్ ఎయిరే మంచిది అనుకోకండి. డర్టీ ఎయిర్‌లో ఒకటే పెద్ద ఫ్యాన్, దారి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, గాలి బోలెడంత కదులుతుంది, కార్పెట్ లోపలి ఇసుక లేవాలంటే కావాల్సింది అదే. క్లీన్ ఎయిర్‌లో గాలి తక్కువ, పీల్పు ఎక్కువ, కొబ్బరిబొండంలో స్ట్రా వేసి లాగినట్టు, సోఫా సందులకి, పుస్తకాల అరలకి, నున్నటి నేలకి ఇది బాగుంటుంది. డర్టీ ఎయిర్‌లో భయం ఒకటే, నాణెం గానీ మేకు గానీ లోపలికి పోతే ఫ్యాన్ రెక్కకి తగులుతుంది, టంగుమని ఒక చప్పుడు, ఆ తర్వాత మెషిన్ వణకడం మొదలెడుతుంది. పిల్లలు లెగో ముక్కలు పారేసే ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోవాలి.

హూవర్ సంగతి చూద్దాం. కలెక్టర్లు ఎక్కువగా గౌరవించే మోడల్ 150, 1936లో వచ్చింది, డిజైన్ చేసింది హెన్రీ డ్రేఫస్. అమెరికాలో పాత ఇళ్ళ గోడల మీద గుండ్రంగా, తిప్పే హనీవెల్ థర్మోస్టాట్ చూసే ఉంటారు, అదీ ఆయనదే. అప్పటిదాకా వ్యాక్యూమ్ అంటే మోటరుకి ఒక కర్ర, ఒక సంచి తగిలించినట్టుండేది, అన్నీ బయటకే కనపడేవి. 150లో మోటరు మొత్తం ఒక నున్నటి టోపీ కిందికి వెళ్ళిపోయింది, ముందు నుంచి చూస్తే ఆనాటి రైలింజన్ మూతిలా ఉంటుంది. టోపీ బేకలైట్, అదే, మన పాత ఇళ్ళలో చెక్క బోర్డు మీద నల్లగా గుండ్రంగా ఉండే స్విచ్చులు చేసిన సరుకు. బాడీలో బరువు తగ్గాలని మెగ్నీషియం వాడారు. నా దృష్టిలో నిలువు మెషిన్లలో ఇంత పొందికైన రూపం ఇంకోటి రాలేదు, ఎక్కడా ఒక్క గీత కూడా ఊరికే గీసినట్టుండదు.

పని విషయానికొస్తే హూవర్‌ది ఇంకో గొప్ప ఉంది, 1926లో మోడల్ 700తో తిరిగే బ్రష్‌కి లోహపు బద్దీలు పెట్టారు, అవి కార్పెట్‌ని టపటపా కొడుతూ పోతాయి, మన వాళ్ళు బొంతని దండెం మీద వేసి కర్రతో దులిపినట్టే. లోపల దిగబడ్డ ఇసుక పైకొస్తుంది. ఆ చప్పుడు కొందరికి సంగీతం, మా ఆవిడకి మాత్రం తలనొప్పి. ఇంకో చిక్కు ఏంటంటే ఆ కొట్టుడు పాత మందపాటి ఉన్ని తివాచీలకి సరిపోతుంది గానీ ఇప్పటి పల్చటి ఏరియా రగ్గుల మీద వాడితే అంచులు లేచిపోతాయి. పైగా 150కి బేకలైట్ టోపీ పగిలితే అంతే సంగతులు, అతికించినా గీత కనపడుతుంది, మంచిది దొరకాలంటే ఇంకో మెషిన్ కొని విప్పాలి. అందుకని 150 చూసుకోడానికి. వాడుకోడానికి హూవరే కావాలంటే 1957 నుంచి వచ్చిన కన్వర్టిబుల్ చూడండి, పైపు తగిలిస్తే స్పీడు మారుతుంది, చాలా ఏళ్ళు అమ్ముడైంది కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది, అందానికి పెద్దగా మార్కులు వెయ్యను.

లండన్ పడమటి వైపు ఉండేవాళ్ళకి ఒక మాట, పెరివేల్‌లో తెల్లగా మెరిసే హూవర్ బిల్డింగ్ ఉంది కదా, 1930లలో కట్టిన ఫ్యాక్టరీ, వెనకాల ఇప్పుడు టెస్కో ఉంది, కూరగాయలకి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. మీకు అక్కడ హూవర్ జూనియర్ లు సులువుగా దొరుకుతాయి, చిన్నవి, తేలికైనవి, పైగా కరెంటు మన ఇండియాకి సరిపోయేదే, ఆ సంగతి చివర్లో చెప్తా.

ఎలక్ట్రోలక్స్ దగ్గరకొస్తే నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నా. స్వీడన్‌లో ఆక్సెల్ వెన్నర్-గ్రెన్ మొదలెట్టిన కంపెనీ, 1921లో వాళ్ళ మోడల్ ఫైవ్‌తో సిలిండర్‌ని మంచు మీద జారే స్లెడ్జ్ బండిలా రెండు పట్టాల మీద పడుకోబెట్టారు, లాక్కుంటూ పోవడమే. ఆ ఒక్క ఆలోచన ఇప్పటికీ మారలేదు. అమెరికాలో 1937లో మోడల్ థర్టీ వచ్చింది, పేరుని రోమన్ అంకెల్లో మూడు ఎక్స్‌లుగా రాస్తారు కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పక్కన వ్యాక్యూమ్ అని కలిపి కొట్టండి, లేకపోతే ఇంట్లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. డిజైన్ చేసింది లురెల్ గిల్డ్. పొడవాటి బుల్లెట్ ఆకారం, రెండు పక్కలా క్రోమ్, ఒళ్ళంతా తోలులా గరుగ్గా ఉండే తొడుగు, చూస్తే ఆ కాలం విమానం గుర్తొస్తుంది. వ్యాక్యూమ్‌ల గురించి ఏమీ తెలియని చుట్టాలు ఇంటికొచ్చినా ఆగి అడిగేది దీని గురించే.

ఇందులో నాకు నచ్చేది అందం ఒక్కటే కాదు. ఒక చివర గాలి లోపలికి, ఇంకో చివర బయటికి, పైపు ఏ చివర పెడితే ఆ పని, లాగడమూ చేస్తుంది, ఊదడమూ చేస్తుంది. నేను ఏసీ బయటి యూనిట్‌లో ఆకులు దీంతోనే ఊదుతా. లోపల ఫ్యాన్‌లోకి చెత్త పోదు కాబట్టి మోటర్లు శుభ్రంగా మిగిలి ఉంటాయి, ఎనభై ఏళ్ళు దాటినా మోటరుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చి కాస్త గ్రీజు పెడితే అరచెయ్యి పట్టి లాగుతాయి, చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే. నీరసమంతా పైపులో ఉంటుంది. పాత నేత పైపులు లోపల చిల్లులు పడి గాలి వదిలేస్తాయి, మనం మోటరు పోయిందనుకుంటాం. మెషిన్ మూతి దగ్గర ఒకసారి, పైపు చివర ఒకసారి అరచెయ్యి పెట్టి చూడండి, తేడా ఉంటే పైపు మారిస్తే చాలు. కార్పెట్ మాత్రం దీనివల్ల కాదు, తిరిగే బ్రష్ లేదు కదా. కార్పెట్ కూడా కావాలంటే 1960ల చివర్లో వచ్చిన 1205 లాంటివి పవర్ బ్రష్‌తో (మోటరుతో తిరిగే బ్రష్) చూసుకోండి, కలెక్టర్లు రోజూ ఇంట్లో వాడుకునేవి చాలావరకు ఆ తరం మెషిన్లే.

ఇక్కడొక తికమక ఉంది. అమెరికా ఎలక్ట్రోలక్స్, స్వీడన్ ఎలక్ట్రోలక్స్ తర్వాత తర్వాత వేరు కంపెనీలైపోయాయి, 2000ల మొదట్లో పేరు స్వీడన్ వాళ్ళకి తిరిగెళ్ళిపోయింది, అమెరికా కంపెనీ ఏరస్ అని పేరు మార్చుకుంది. కాబట్టి పాత అమెరికన్ మెషిన్‌కి బ్యాగ్‌లు, సామాన్లు ఎలక్ట్రోలక్స్ పేరు మీద వెతికితే ఇప్పటి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లే వస్తాయి, ఏరస్ అని వెతకండి. మన వైపు కూడా ఎలక్ట్రోలక్స్‌కి చుట్టరికం ఉంది, 1982లో ఫోర్బ్స్‌తో కలిసి పెట్టిన కంపెనీయే యురేకా ఫోర్బ్స్. టై కట్టుకుని, పెట్టె మోసుకుని యూరోక్లీన్ చూపిస్తామని గుమ్మంలోకొచ్చిన సేల్స్‌మన్‌ని ఎనభైలు, తొంభైల్లో పెరిగిన వాళ్ళెవరూ మర్చిపోరు. మా ఇంట్లో పరుపు మీద తెల్లగుడ్డ పెట్టి దుమ్ము లాగి చూపిస్తే మా అమ్మ సిగ్గుతో కుంచించుకుపోయి కొనేసింది. మా విజయవాడ ఇంట్లో అంతా మొజాయిక్ నేల, చీపురు ముందు దానికి పనేం లేదు, దీపావళికి ముందోసారి బూజు దులపడానికి తీసేవాళ్ళం, మిగతా ఏడాదంతా అటక మీదే. నాకీ పిచ్చి అప్పుడే అంటుకుందేమో.

ఇక కిర్బీ. దీని మీద కలెక్టర్లు రెండు పార్టీలు, మధ్యస్థంగా మాట్లాడేవాళ్ళని నేను చూడలేదు. ఇష్టపడేవాళ్ళు ఇంత గట్టి మెషిన్ భూమ్మీద లేదంటారు, ఇష్టపడనివాళ్ళు ఇది వ్యాక్యూమ్ కాదు, పచ్చడి బండ అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఒళ్ళంతా పోత పోసి, పాలిష్ పట్టిన అల్యూమినియం. పది కిలోల దగ్గర్లో బరువు, మేడ మెట్లెక్కించాలంటే ఆలోచించాలి. కానీ ప్లాస్టిక్ పెళుసైపోవడం, తుప్పు పట్టడం లాంటి బాధలు బాడీకి లేవు, మాసి నల్లబడిపోయిన కిర్బీని యాభై డాలర్ల లోపు తెచ్చి, రెండు సాయంత్రాలు పాలిష్ పేస్టుతో రుద్దితే పెళ్ళిలో కొత్త స్టీలు బిందెలా తయారవుతుంది. అలా రుద్దుకోవడంలో ఉన్న సుఖం ఇంకే మెషిన్‌లోనూ లేదు.

దీని డిజైన్ అందం వేరే రకం. హూవర్ 150లాగా అన్నీ దాచేది కాదు, అన్నీ విప్పి చూపించేది. ముందు మూతి ఊడొస్తుంది, పైపు తగిలించొచ్చు, సంచి ఊడొస్తుంది, షాంపూ మెషిన్ తగిలించొచ్చు, పాత మోడళ్ళకి మోటరుతో తిరిగే చిన్న పనిముట్టు కూడా ఇచ్చేవాళ్ళు, దాంతో వెండి సామాన్లు పాలిష్ పట్టొచ్చు. మన టిల్టింగ్ గ్రైండర్‌తో కొబ్బరి కోరు, చపాతీ పిండి కలిపేది ఇస్తారే, అదే ఆలోచన, అక్కడిలాగే ఇక్కడా ఆ సామాన్లు డబ్బాలోంచి తీసినవాళ్ళు తక్కువ, అందుకే సెకండ్ హ్యాండ్‌లో అవి కొత్తగా దొరుకుతాయి. బెల్ట్ మార్చాలంటే స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ముందున్న మీట తిప్పితే చాలు. 1935 నుంచీ ఇదే ఆకారాన్ని కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారు, కాబట్టి 70ల నాటి మెషిన్‌కి కూడా బెల్ట్‌లు, బ్రష్‌లు, సంచులు ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి. క్వాలిటీ అంటే నా లెక్కలో ఇదే, పాడవకపోవడం కాదు, పాడైతే బాగుచేసుకోగలగడం.

మరి ఏ కిర్బీ అంటే, 1970లో మొదలైన క్లాసిక్, 76లో వచ్చిన క్లాసిక్ త్రీ, 79 నాటి ట్రెడిషన్, ఈ మూడింట్లో ఏది కనపడినా కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. 1990లో జనరేషన్ త్రీ నుంచి కొద్దిగా తోస్తే దానంతటదే ముందుకెళ్ళే గేర్ పెట్టారు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అది వరం, కానీ బరువు ఇంకా పెరిగింది, లోపల గేర్లు పెరిగాయి, పాత భక్తులు దాన్ని వింటేజ్ అంటే ఒప్పుకోరు. రేటు విషయం, ఇంటింటికీ తిరిగి అమ్మిన సరుకు కాబట్టి కొత్తప్పుడు చాలా ఖరీదు, కొన్నవాళ్ళు అంత పెట్టాం కదా అని పారెయ్యలేక గరాజ్‌లో దాచారు, అందుకే ఇప్పుడు ఇన్ని దొరుకుతున్నాయి, ఇంత చవగ్గా. (వారెన్ బఫెట్ కంపెనీ 1986లో కొన్న స్కాట్ ఫెట్జర్‌లో కిర్బీ కూడా ఉండేది, ఎన్‌సైక్లోపీడియాలు, వ్యాక్యూమ్‌లు రెండూ గుమ్మం దగ్గరే అమ్మిన కంపెనీ.)

మిగతావి త్వరగా చెప్పేస్తా.

హూవర్ కాన్‌స్టెలేషన్, 1950ల మధ్యలో వచ్చిన గుండ్రటి బంతి, వదిలే గాలిని కిందికి పంపి దాని మీదే తేలుతూ వస్తుంది, చక్రాలుండవు. అంతరిక్షం మోజు మొదలవుతున్న రోజుల సరుకు, ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. వాడితే మాత్రం పైన పటారం లోన లొటారం. నేల మీద దుమ్ముంటే లాగేలోపే కింద గాలి చెదరగొడుతుంది, మందపాటి రగ్గు మీద సరిగ్గా తేలదు. అయినా నా దగ్గర ఒకటుంది, అమ్మను. పిల్లలొస్తే గాలి మీద తేల్చి చూపించడానికి ఇంతకు మించింది లేదు.

రెయిన్‌బో, సంచి బదులు నీళ్ళ తొట్టి. దుమ్ము నీళ్ళలోకి పోయి ఆగిపోతుంది. వాకిలి ఊడ్చే ముందు నీళ్ళు చల్లి ఊడ్చే జాతి మనది, ఈ ఆలోచన మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పని అయ్యాక ఆ నల్లటి నీళ్ళు చూస్తే కలిగే తృప్తి వేరు. కానీ ప్రతిసారీ వెంటనే పారబోసి తొట్టి కడిగి ఆరబెట్టాలి, ఒక్క రాత్రి మర్చిపోయారా, మర్నాడు మూత తీస్తే మురిక్కాలవే. డిజైన్‌కి మార్కులు తక్కువ, పొట్టిగా, లావుగా, పాల క్యాన్‌లా ఉంటుంది.

డైసన్‌ని పాతవాటిలో కలుపుతావా అని పెద్దవాళ్ళు కోప్పడతారు గానీ, 1986లో జపాన్‌లో అమ్మిన గులాబీ రంగు జీ-ఫోర్స్, 1993 నాటి డీసీ01 ఇప్పుడు కుర్ర కలెక్టర్లు ఎగబడుతున్న సరుకు. 5,127 నమూనాలు చేశాకే కుదిరిందని జేమ్స్ డైసన్ చెప్పుకున్న కథ అందరికీ తెలుసు. అయితే చెత్తని సుడిగాలిలో తిప్పి విడదీయడం ఆయనకంటే ముందే ఉంది, అమెరికాలో ఫిల్టర్ క్వీన్ అని సంచి లేకుండా కాగితపు శంకువుతో నడిచే మెషిన్లు దశాబ్దాల ముందు నుంచీ అమ్మేవాళ్ళు. డైసన్ చేసిన గొప్ప పని, చెత్త కనపడేలా అద్దంలాంటి డబ్బా పెట్టడం. ప్లాస్టిక్ కాబట్టి ఇంకో యాభై ఏళ్ళకి ఇవి ఎలా ఉంటాయో అని నాకు అనుమానమే, కొనేట్టయితే క్లిప్పులు విరగని పీసు చూసి కొనండి.

ఈ పాటికి పాతవే గట్టివి, ఇప్పటివన్నీ డొక్కు అని ఎవరో ఒకరు అనుకుంటూ ఉంటారు. సగమే నిజం. పాతకాలంలోనూ నాసిరకం బోలెడు వచ్చాయి, అవన్నీ ఎప్పుడో చెత్తలోకి పోయాయి, మనకి కనపడేది మిగిలినవి మాత్రమే, మా తాతలకాలం మనుషులంతా వందేళ్ళు బతికారు అన్నట్టుంటుంది ఈ వాదన. లోహం బాడీ, విప్పగలిగే మోటరు, మార్చగలిగే కార్బన్ బ్రష్‌లు, ఇవి నిజంగా పాతవాటి గొప్పలే. వడపోతలో మాత్రం పాతవి ఇప్పటివాటి ముందు నిలబడవు. గుడ్డ సంచిలోంచి సన్నటి దుమ్ము పొగలా బయటికొస్తుంది, ఎండ పడే గదిలో నడిపి చూడండి తెలుస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే గుడ్డ సంచి మెషిన్ షెల్ఫ్ మీదే ఉంచండి. ఉబ్బసం మనిషి కనిపెట్టిన మెషిన్ గురించి ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ అదోలా ఉంటుంది.

కొనే చోట ఏం చూడాలంటే, ముందు వైరు. మొదట్లో నేనొకటి ఆన్‌లైన్‌లో కొన్నా, పేరు చెప్పను, తప్పు మెషిన్‌ది కాదు నాదే, ఫొటోలో తళతళలాడుతోంది, బాగా పనిచేస్తోంది అని రాశారు. ఇంటికి రాగానే చిన్నపిల్లాడిలా ప్లగ్ పెట్టేశా. హ్యాండిల్ లోపలికెళ్ళే చోట రబ్బరు మొత్తం బిస్కెట్‌లా పొడైపోయి ఉంది, ఫట్‌మని మెరుపు, ఇంట్లో సగం లైట్లు పోయాయి. బాడీ అంతా లోహం, ఎర్త్ లేదు, చెయ్యి హ్యాండిల్ మీద ఉండుంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో. ఆ రోజు నుంచి రూలు ఒకటే, వైరుని అంగుళం అంగుళం వంచి చూడాలి, పగుళ్ళుంటే కొత్త వైరు వేసేదాకా ప్లగ్ పెట్టకూడదు, మల్టీమీటర్‌తో ప్లగ్ పిన్నుకీ బాడీకీ మధ్య కనెక్షన్ లేదని చూసుకోవాలి, మొదటిసారి నడిపేది ఎప్పుడూ అమెరికా బాత్రూమ్‌లలో ఉండే, కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే ఆ టెస్ట్ బటన్ సాకెట్‌లోనే.

తర్వాత చెవులు, ముక్కు. గీమని సన్నగా అరిస్తే బేరింగ్, అది మారుతుంది, భయపడక్కర్లేదు. కాలిన వాసనతో పాటు మోటరు చుట్టూ పెద్ద నిప్పురవ్వలు తిరిగితే ఆర్మేచర్ (మోటరు లోపల తిరిగే చుట్ట) పోయినట్టు, వదిలెయ్యండి. చిన్న నీలం రవ్వలు మామూలే. కిర్బీ, హూవర్ అయితే ముందు మూతి తీసి ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టండి, ఒక్కటి విరిగినా వణుకుతుంది. ఇక పైపై మెరుగుల సంగతి, అల్యూమినియం ఎంత నల్లబడినా తిరిగొస్తుంది, క్రోమ్ మీద చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తే తిరిగి రాదు, మళ్ళీ ప్లేటింగ్ వేయిస్తే మెషిన్ ధర కంటే ఎక్కువవుతుంది. హూవర్‌లకి ఉన్న ఒరిజినల్ రంగుని అత్యుత్సాహంతో రుద్దేసి లోహం బయటపెట్టినవి దొరుకుతుంటాయి, మెరుస్తున్నాయి కదా అని ఎక్కువ ఇవ్వకండి, కలెక్టర్లలో అలాంటివాటికి విలువ లేదు. పాత సంచి ఉంటే మాత్రం మాస్క్ కట్టుకుని పెరట్లోనే విప్పండి, ఎవరింటి ఏ కాలం దుమ్మో అది.

అయితే మీకేది? ఇల్లంతా కార్పెట్, ఒకే అంతస్తు, కాస్త ఒంట్లో బలం ఉంది అంటే కిర్బీ క్లాసిక్ త్రీ గానీ ట్రెడిషన్ గానీ, ఇంకో ఆలోచన వద్దు. చెక్క నేల, అక్కడక్కడా రగ్గులు, లేదా అపార్ట్‌మెంట్ అంటే ఎలక్ట్రోలక్స్ 1205 తరం. రోజూ వాడను, ఒకటే కొంటా, హాల్లో పెట్టుకుంటా అంటే మోడల్ థర్టీ. డిజైన్ పుస్తకాలు చదివే రకమైతే, డబ్బులు కూడా ఉంటే, టోపీ పగలని 150 కోసం ఓపికపట్టండి. కాన్‌స్టెలేషన్ రెండో మెషిన్‌గా కొనుక్కోవచ్చు, మొదటిదిగా వద్దు, దాంతో మొదలెట్టినవాళ్ళు పాత మెషిన్లన్నీ ఇంతేనేమో అనుకుని మానేస్తారు. నా ఫ్రెండ్‌ది రెండంతస్తుల ఇల్లు, మెట్లున్నాయి, అందుకే ఎలక్ట్రోలక్స్ అన్నా. వాడు కిర్బీయే తెచ్చుకున్నాడు, మెరుస్తోందట.

చివరిగా ఇండియాకి పట్టుకెళ్ళాలనుకునేవాళ్ళకి. అమెరికా మెషిన్లన్నీ 120 వోల్టులవి, హైదరాబాద్‌లో తిన్నగా పెడితే ఒక్క క్షణంలో పొగ. ఈ మోటర్లకి 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది పట్టదు, వోల్టేజ్ ఒక్కటే సమస్య, కాబట్టి వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. మెషిన్ మీద రేకులో ఆంపియర్లు రాసుంటాయి, ఆరు ఆంపియర్లుంటే 720 వాట్లు, మొదట తిరిగేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి 1500 వీఏ ది తీసుకోండి. షేవింగ్ మెషిన్లకి వాడే అరచేతిలో పట్టే కన్వర్టర్లు దీనికి పనికిరావు. ట్రాన్స్‌ఫార్మర్ అమెరికా నుంచి మోసుకెళ్ళకండి, అది ఇనుప ముద్ద, 23 కిలోల పెట్టెలో కిర్బీకే పది కిలోలు పోతుంది, అక్కడికెళ్ళాక వైండింగ్ షాపులో చెప్తే చుట్టిస్తారు. బ్రిటన్ హూవర్ జూనియర్ అయితే ఈ బాధే లేదు, ప్లగ్ మారిస్తే సరి. బేకలైట్ ముక్క ఏదున్నా విప్పి చేతిసంచిలో పెట్టుకోండి, సెక్యూరిటీ వాళ్ళు ఇదేంటని అడుగుతారు, వ్యాక్యూమ్ క్లీనర్ టోపీ అని చెప్పండి.